ఆహార పొట్లంపై చక్కెర లెక్క

సంతలో సరుకు కొనునప్పుడు తూకం సరిచూచుట మన పెద్దలకు అలవాటు. అట్టి జాగ్రత్తపరులు సైతం పొట్లంపై అచ్చయిన చిన్న అక్షరాలను చదువక విడిచిపెట్టుచున్నారు. నేడు చక్కెర మన ఇండ్లలోనికి చక్కెర డబ్బా ద్వారా మాత్రమే వచ్చుట లేదు. బిస్కెట్లు, శీతల పానీయాలు, పాలలో కలుపుకొను పొడులు, చివరకు టొమాటో సాసు రూపంలో కూడా వచ్చుచున్నది. మధుమేహం ఇంటింటి మాటగా మారిన ఈ కాలంలో ఈ లెక్క తెలిసికొనుట విద్యావంతుల ధర్మం.

మన దేశంలో 2020 నాటి లేబులింగ్ నిబంధనల ప్రకారం పోషక విలువల పట్టికలో చక్కెరను రెండు వరుసలుగా చూపవలెను. మొదటిది మొత్తం చక్కెర, రెండవది చేర్చిన చక్కెర. 100 మిల్లీలీటర్ల పాలలో సహజంగానే సుమారు 5 గ్రాముల చక్కెర ఉండును. అది మొదటి వరుసలో చేరును గాని రెండవ వరుసలో చేరదు. తయారీదారులు తీపి కొరకు కలిపినదే రెండవ వరుసలో కనిపించును. మనం ముఖ్యంగా చూడవలసినది దానినే.

పట్టికలోని అంకె సాధారణంగా 100 గ్రాములకు లేదా 100 మిల్లీలీటర్లకు చెప్పినది; మనం తినునది అంతకంటె ఎక్కువ కావచ్చును. ఒక పానీయంలో 100 మిల్లీలీటర్లకు 11 గ్రాముల చేర్చిన చక్కెర ఉన్నదనుకొందము. 250 మిల్లీలీటర్ల సీసా త్రాగినవారు 27.5 గ్రాములు, అనగా చెంచాకు 4 గ్రాముల చొప్పున దాదాపు ఏడు చెంచాలు పుచ్చుకొన్నట్లే. ఇఫ్తార్ వేళ ఒక్క గ్లాసు షర్బత్‌లో ఎవరైనా ఏడు చెంచాలు వేయబోతే మనం వారింతుము. సీసాలోనిది కంటికి కనిపించదు గనుక ఊరకుందుము.

పట్టికతో పాటు పదార్థాల జాబితా కూడా చదువవలెను. ఎక్కువ బరువు గలది అందులో ముందు వచ్చును. చక్కెర అను పేరు లేనంత మాత్రాన తీపి లేదని భ్రమపడరాదు. గ్లూకోజ్ సిరప్, ఇన్వర్ట్ సిరప్, డెక్స్ట్రోజ్, ఫ్రక్టోజ్ అనునవి కూడా చక్కెర కుటుంబంలోనివే. తేనె, బెల్లం ఇందుకు మినహాయింపు కావు.

లేబులుపై ముద్రించు శాతం రోజుకు 50 గ్రాముల చేర్చిన చక్కెరను ప్రమాణంగా తీసికొని లెక్కించినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో, రోజువారీ శక్తిలో ఇట్టి చక్కెర వాటా 10 శాతానికి లోపు ఉండవలెననియు, 5 శాతానికి లోపైనచో మరింత మేలనియు చెప్పినది. 2000 కిలోకేలరీల ఆహారంలో 5 శాతమనగా 25 గ్రాములు. ఆ కొలతతో చూచినచో లేబులుపై ఇరువది శాతమన్నది నలువది శాతమగును.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన పదునేడు ఆహార సూత్రాలలో లేబులు చదువుట కూడా ఒకటి. కాని లేబులుపై ఇంగ్లీషు గాని హిందీ గాని ఉన్నచో చట్టానికి చాలును. తెలుగు, ఉర్దూ తప్పనిసరి కావు. మన తల్లులలో అనేకులు చదువగలిగినది ఈ రెండు భాషలే. విద్యార్థులారా! మీరు నేర్చిన ఇంగ్లీషు పరీక్ష పత్రంతో ముగిసిపోరాదు. ఇంటికి వచ్చిన పొట్లంపై చేర్చిన చక్కెర ఎంతో అమ్మకు, నానమ్మకు వారి భాషలో చదివి వినిపించండి. కొనవలెనో వద్దో వారే తేల్చుకొందురు.