టైరు వెడల్పును తేల్చేది రిమ్మే

కొత్త అలాయ్ వీల్స్ కోసం దుకాణానికి వెళ్లినవారు ముందుగా అడిగేది ఒకటే: "వీటికి ఎంత వెడల్పు టైరు పడుతుంది?" ఎంత వెడల్పైతే అంత పట్టు అన్న నమ్మకం ఆ ప్రశ్న వెనక ఉంటుంది. నిజానికి వెడల్పు అనేది టైరు ఒక్కదాని గుణం కాదు. అదే టైరు 7.5 అంగుళాల రిమ్ముకు ఎక్కితే ఒక కొలతకు వస్తుంది, 9 అంగుళాల రిమ్ముకు ఎక్కితే మరో కొలతకు వస్తుంది. కొలతతో పాటు మలుపులో దాని నడత, గుంతలో పడ్డప్పుడు తట్టుకునే శక్తి కూడా మారిపోతాయి. కాబట్టి రిమ్మునూ టైరునూ జతగానే ఎంచుకోవాలి. ఆ జత ఎలా కుదురుతుందో ఒక కారును తీసుకుని లెక్క వేసి చూద్దాం.

ఆ కారు స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్ 245. 2020లో మన దేశంలో 200 మాత్రమే అమ్మకానికి వచ్చాయి. దాని టైరు 225/40ఆర్18. రిమ్ము వెడల్పు 7.5 అంగుళాలు, ఆఫ్‌సెట్ (దీని సంగతి తర్వాత చూద్దాం) 51 మిల్లీమీటర్లు.

అంకెలు చెప్పేది, చెప్పనిది

225 అంటే గాలి నింపిన టైరు ఈ పక్క గోడ నుంచి ఆ పక్క గోడ దాకా ఉన్న వెడల్పు, మిల్లీమీటర్లలో. రోడ్డును తాకే రబ్బరు వెడల్పు ఇంతకన్నా తక్కువే ఉంటుంది. 40 అంటే పక్క గోడ ఎత్తు ఆ వెడల్పులో 40 శాతం, అంటే 90 మి.మీ. 'ఆర్' రేడియల్ నిర్మాణానికి గుర్తు. 18 రిమ్ము వ్యాసం, అంగుళాల్లో.

టైరు మీద రాయని సంగతి ఒకటుంది. ఆ 225ని ఏ రిమ్ము మీద కొలిచారు? ప్రతి సైజుకూ ప్రమాణాలు ఒక కొలత రిమ్మును నిర్ణయించాయి. 225/40ఆర్18కి అది 8 అంగుళాలు. 7.5 నుంచి 9 అంగుళాల దాకా రిమ్ముల మీద దీన్ని వాడవచ్చు. రిమ్ము అర అంగుళం పెరిగిన ప్రతిసారీ టైరు దాదాపు 5 మి.మీ. విచ్చుకుంటుంది, తగ్గితే అంతే ముడుచుకుంటుంది. కాబట్టి ఆక్టేవియా సొంత రిమ్ము మీద ఈ టైరు, కొలత రిమ్ము మీద ఉన్నదానికన్నా దాదాపు 5 మి.మీ. ఇరుకుగా ఉంటుంది. 9 అంగుళాల రిమ్ము మీదికి వెళితే కొలత రిమ్ము మీదకన్నా దాదాపు 10 మి.మీ. వెడల్పవుతుంది.

రిమ్ము వెడల్పును బయటి అంచుల మధ్య కొలవరు. టైరు బీడు, అంటే లోపల ఉక్కు తీగలున్న అంచు, కూర్చునే రెండు చోట్ల మధ్య కొలుస్తారు. టేపు పట్టి బయటి నుంచి బయటికి కొలిస్తే దాదాపు ఒక అంగుళం ఎక్కువ చూపిస్తుంది. సెకండ్‌హ్యాండ్ వీల్స్ కొనేవారు ఇక్కడే మోసపోతుంటారు. వీల్‌ను తిరగేసి, వెనక పోతపోసిన '7.5జె' లాంటి అక్షరాలు వెతికి చూసుకోవడమే సరైన పద్ధతి.

ఇరుకైతే ఒక తిప్పలు, వెడల్పైతే మరొకటి

కారు బరువును మోసేది టైరులోని గాలి. ఆ గాలే బీడును రిమ్ము అంచుకు గట్టిగా అదిమిపెడుతుంది. రోడ్డుకూ రిమ్ముకూ మధ్య బలాలన్నీ పక్క గోడ మీదుగానే ప్రయాణిస్తాయి. అందువల్ల ఆ గోడ ఏ కోణంలో నిలబడిందన్నది చాలా ముఖ్యం.

టైరుకు తగినదానికన్నా రిమ్ము ఇరుకైతే బీడులు దగ్గరకు వస్తాయి, పక్క గోడలు బయటికి ఉబ్బుతాయి, తొక్కుడు భాగం (ట్రెడ్) నడిమిలో కాస్త గుండ్రబడుతుంది. కాళ్లు దగ్గరగా పెట్టి నిలబడిన మనిషిని పక్క నుంచి తోస్తే ఎలా ఊగుతాడో, మలుపులో ఆ టైరు అలా ఊగుతుంది. స్టీరింగ్ తిప్పిన తర్వాత ముందు పక్క గోడ వంగాలి, ఆ తర్వాతే కారు తిరగాలి. ఆ ఆలస్యం చేతికి తెలుస్తుంది. గోడ అతిగా వంగడం వల్ల వేడి పెరుగుతుంది, రబ్బరు నడిమిలో త్వరగా అరుగుతుంది.

రిమ్ము వెడల్పైతే పక్క గోడలు కింది నుంచి లోపలికి వాలి నిలబడతాయి. అనుమతించిన హద్దులోపల ఇది మేలే చేస్తుంది: పక్కవాటు ఊగు తగ్గి, స్టీరింగ్‌కు జవాబు త్వరగా వస్తుంది. హద్దు దాటితే మేలు కాస్తా కీడవుతుంది. సాగదీసిన గోడ నిలువుగా అణగలేదు. రిమ్ము అంచు టైరు కన్నా బయటికి పొడుచుకొస్తుంది కనుక ఫుట్‌పాత్ రాయి మొదట అలాయ్‌నే గీస్తుంది. బీడు తన చోట నిటారుగా కూర్చోదు. గాలి తగ్గినప్పుడో, పక్క నుంచి గట్టి దెబ్బ తగిలినప్పుడో ఊడిపోయే ప్రమాదం ఉంది. అందం కోసం టైరును ఇలా సాగదీసి బిగించే అలవాటు చాలా దేశాల్లో ఉంది. అలాంటి టైర్ల బీడును రిమ్ముకు కూర్చోబెట్టడానికి మండే ద్రవం చల్లి నిప్పంటించేవారూ ఉన్నారు. అది ప్రాణాంతకం, ఏ దుకాణంలోనూ ఒప్పుకోకండి.

మన రోడ్ల మీద గుంత చేసే పని కూడా ఇక్కడే తెలుసుకోవాలి. గుంత అంచుకూ రిమ్ము అంచుకూ మధ్య పక్క గోడ నలిగినప్పుడు లోపలి దారాలు తెగుతాయి. తెగిన చోట గాలి రబ్బరును బయటికి తోస్తుంది, బుడిపె వస్తుంది. ఆ టైరుకు మరమ్మతు లేదు, తీసి పారేయాల్సిందే. 225/40ఆర్18లో గోడ ఎత్తు 90 మి.మీ. అదే 19 అంగుళాల రిమ్ముకు వెళ్లి 225/35ఆర్19 వేస్తే 79 మి.మీ.కి పడిపోతుంది. ఆ 11 మిల్లీమీటర్లూ రిమ్మును కాపాడే గాలి దిండులోంచే తగ్గాయి.

వెడల్పు టైరు ఇచ్చేది ఎంత?

మనుషులతో కలిపి 1,600 కిలోల కారు, ఒక్కో చక్రం మీద సుమారు 400 కిలోలు, గాలి 33 పీఎస్ఐ అనుకుందాం. బరువును గాలి ఒత్తిడితో భాగిస్తే రోడ్డును తాకే జాగా సుమారు 170 చదరపు సెంటీమీటర్లు వస్తుంది. ఈ లెక్కలో వెడల్పు ఎక్కడా లేదు! గాలి అంతే ఉంచి టైరును వెడల్పు చేస్తే ఆ జాగా పెద్దగా పెరగదు, ఆకారం మారుతుంది: పొడవు తగ్గి అడ్డం పెరుగుతుంది. పక్క గోడ బిరుసు వల్ల అంకె కొంచెం అటూ ఇటూ అయినా, అసలు సంగతి ఇదే.

మరి పట్టు ఎందుకు పెరుగుతుంది? తొక్కుడు కింద ఉన్న ఉక్కు బెల్టు వెడల్పైన కొద్దీ పక్కకు వంగడానికి మొండికేస్తుంది. ఎక్కువ రబ్బరు వేడిని పంచుకుంటుంది. ఇవి నిజమైన లాభాలే. అయితే రబ్బరు మిశ్రమం నాణ్యత ముందు అవి చిన్నవి. నాసిరకం 255 కన్నా మంచి 225 టైరు బ్రేకు వేసినప్పుడు కారును ముందుగా ఆపగలదు.

నష్టం వానాకాలంలో తెలుస్తుంది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద నీరు నిలిచిన చోట వేగంగా వెళ్లే టైరు తన ముందున్న నీటిని పక్కకు తోయాలి. టైరు ఎంత వెడల్పైతే అంత నీరు తోయాలి, అదీ పొట్టిగా మారిన జాగా దాటేలోపు. తోయలేకపోతే టైరు నీటి మీద తేలుతుంది, స్టీరింగ్ తేలికైపోతుంది, బ్రేకు పనిచేయదు. అరిగిన వెడల్పు టైరుతో ఈ ముప్పు తక్కువ వేగంలోనే ఎదురవుతుంది.

ఆఫ్‌సెట్ అనే అసలు చిక్కు

వెడల్పు సరిపోయినంత మాత్రాన వీల్ సరిపోయినట్టు కాదు. రిమ్ము నడిమి గీతకూ, హబ్‌కు ఆనే తలానికీ మధ్య దూరమే ఆఫ్‌సెట్. వీల్ మీద ఈటీ అని రాసి ఉంటుంది. అది తగ్గితే చక్రం బయటికి జరుగుతుంది.

రెండు పేరున్న జపాన్ సెడాన్లను పక్కపక్కన పెట్టి చూడండి. సుబారు డబ్ల్యూఆర్ఎక్స్ ఎస్‌టీఐ, మిత్సుబిషి లాన్సర్ ఇవల్యూషన్ టెన్. రెండింటికీ 245/40ఆర్18 టైర్లే, 8.5 అంగుళాల రిమ్ములే, బోల్టు వలయం కూడా ఒకటే: 5 రంధ్రాలు, 114.3 మి.మీ. అయినా సుబారు ఆఫ్‌సెట్ 55, మిత్సుబిషిది 38. హబ్ మధ్య రంధ్రం సుబారుది 56.1 మి.మీ., మిత్సుబిషిది 67.1. సుబారు వీల్ మిత్సుబిషి హబ్ మీదికి ఎక్కనే ఎక్కదు. మిత్సుబిషి వీల్ సుబారుకు వేస్తే 17 మి.మీ. బయటికి వస్తుంది, మధ్యలో ఖాళీకి రింగు కావాలి.

ఇప్పుడు మన ఆక్టేవియాకు 8.5 అంగుళాల, ఈటీ 45 రిమ్ము కొన్నామనుకుందాం. పాత రిమ్ములో సగం 95.25 మి.మీ., కొత్తదానిలో సగం 107.95. సగం వెడల్పులోంచి ఈటీని తీసివేస్తే బయటి అంచు, కలిపితే లోపలి అంచు. బయటి వైపు పాతది 44.25, కొత్తది 62.95. అంటే రిమ్ము బయటికి 18.7 మి.మీ. జరిగింది. లోపలి వైపు 146.25 నుంచి 152.95కి, అంటే సస్పెన్షన్ వైపు 6.7 మి.మీ. దగ్గరైంది. బయట ఫెండర్ అంచు, లోపల స్ట్రట్, రెండు చోట్లా జాగా ఉందో లేదో కొనే ముందే కొలుచుకోవాలి. స్టీరింగ్ చివరిదాకా తిప్పి, నలుగురిని కూర్చోబెట్టి కూడా చూడాలి.

ఆఫ్‌సెట్‌ను మరీ తగ్గిస్తే ఒరుసుకోవడం ఒక్కటే కాదు ఇబ్బంది. స్టీరింగ్ తిరిగే అక్షం నేలను తాకే బిందువు నుంచి టైరు నడిమి గీత దూరం మారిపోతుంది. ఒక చక్రం గుంతలో పడితే స్టీరింగ్ చేతిలోంచి లాగుతుంది, బేరింగు మీద భారం పెరుగుతుంది.

బోల్టును కూడా చేతిలోకి తీసుకుని చూడాలి. ఆక్టేవియా కంపెనీ బోల్టు తల కింది భాగం బంతిలా గుండ్రంగా ఉంటుంది. బయట దొరికే చాలా అలాయ్‌లలో రంధ్రం గరాటులా వాలుగా ఉంటుంది. గుండ్రటి బోల్టు అందులో సన్నటి గీత మీద మాత్రమే ఆనుతుంది. బిగించినట్టే అనిపించి వదులవుతుంది. వీల్‌కు తగ్గ బోల్టులు విడిగా కొనాలి, టార్క్ రెంచితో 120 న్యూటన్ మీటర్లకు బిగించాలి.

ఏ జత మంచిది?

పాత టైరు వ్యాసం 637 మి.మీ. 245/40ఆర్18 వేస్తే 653 అవుతుంది, రెండున్నర శాతం ఎక్కువ. స్పీడోమీటర్ అసలు వేగం కన్నా అంత తక్కువ చూపే వైపు జరుగుతుంది, ఫెండర్ కింద జాగా తగ్గుతుంది. 255/35ఆర్18 వ్యాసం 636, చక్కగా సరిపోతుంది, కానీ దానికి 8.5 నుంచి 10 అంగుళాల రిమ్ము కావాలి. కంపెనీ రిమ్ము మీద దాన్ని ఎక్కించకూడదు. 235/40ఆర్18 వ్యాసం 645. దానికి 8.5 అంగుళాలే కొలత రిమ్ము.

రోజువారీ కారుకు నేను మెచ్చే జత ఇంతకన్నా నిరాడంబరమైనది: అదే 225/40ఆర్18 టైరు, 8 అంగుళాల రిమ్ము, ఆఫ్‌సెట్ 51కి వీలైనంత దగ్గరగా. వ్యాసం మారదు, లోడ్ సూచిక 92 మారదు, అంటే ఒక్కో టైరు 630 కిలోలు మోస్తుంది. పక్క గోడ మాత్రం కొలత రిమ్ము మీద నిటారుగా నిలబడి, స్టీరింగ్ జవాబు ఇంకాస్త చురుకవుతుంది. టైరు మార్చకుండానే లాభం వస్తుంది. కొత్త రిమ్ము పాతదాని కన్నా తేలికగా ఉంటే మరీ మంచిది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు వివరాలకు భిన్నమైన మార్పులను అనుమతించదు కనుక కొనే ముందు ఆర్టీఓ దగ్గర, బీమా కంపెనీ దగ్గర కూడా అడిగి తెలుసుకోండి.

బిగించాక ఒక పరీక్ష చేయండి. తొక్కుడు మీద ఈ చివర నుంచి ఆ చివరకు సుద్దతో మందంగా గీత గీసి, తిన్నని రోడ్డు మీద కొద్ది దూరం నడిపి చూడండి. గీత అంతటా సమంగా చెరిగితే గాలీ రిమ్మూ రెండూ కుదిరినట్టు. నడిమిలోనే చెరిగితే గాలి ఎక్కువైంది, లేదా రిమ్ము ఇరుకైంది. అంచుల్లోనే చెరిగితే గాలి తక్కువైంది, లేదా రిమ్ము వెడల్పైంది.

కొనుగోలు వరుస తారుమారు కావడం వల్లే ఎక్కువ తప్పులు జరుగుతున్నాయి. డిజైన్ చూసి వీల్ కొని, తర్వాత దానికి టైరు వెతుకుతున్నారు. ముందు టైరు సైజు, దానికి తగ్గ రిమ్ము వెడల్పు, తర్వాత వ్యాసం, లోడ్ సూచిక, ఆఫ్‌సెట్, హబ్ రంధ్రం, బోల్టు. ఇవన్నీ తేలాక మిగిలిన వీల్స్‌లో నచ్చిన డిజైన్ ఎంచుకోండి. అందం అప్పుడు కూడా దొరుకుతుంది, కారులో ఉన్నవారి భద్రతకు ఎసరు పెట్టకుండా దొరుకుతుంది.