పెట్ స్కాన్ తర్వాత ఒంట్లో ఎంత మిగులుతుంది?

పెట్ స్కాన్‌కు ముందు ఇచ్చే ఇంజక్షన్‌లో ఉండేది ఇంచుమించు చక్కెరే. గ్లూకోజును పోలిన అణువుకు ఫ్లోరిన్-18 అనే రేడియోధార్మిక పరమాణువును తగిలిస్తారు. దాని పేరు ఎఫ్‌డీజీ. చాలా రకాల క్యాన్సర్ కణాలు గ్లూకోజును ఆబగా లాక్కుంటాయి కాబట్టి ఈ మందూ అక్కడే పోగవుతుంది. ఇంజక్షన్ తర్వాత గంటసేపు కదలకుండా, మాట్లాడకుండా పడుకోమంటారు. కబుర్లు మొదలుపెడితే గొంతు కండరాలు కూడా ఆ చక్కెరను పీల్చుకుని, బొమ్మలో మెరిసి డాక్టరును తికమకపెడతాయి మరి!

ఆ రేడియేషన్ ఒంట్లోనే ఉండిపోతుందేమోనని ఇంటిల్లిపాదికీ భయం. ఉండిపోదు. ఫ్లోరిన్-18 ప్రతి 110 నిమిషాలకూ సగానికి తరుగుతుంది. ఉదయం పదింటికి ఇంజక్షన్ చేస్తే మర్నాడు తెల్లారేసరికి వెయ్యో వంతు కూడా మిగలదు. మూత్రంలో పోయేది అదనం. నీళ్లు బాగా తాగమనేది అందుకే. కొన్ని గంటలపాటు చంటిపిల్లలను ఎత్తుకోవద్దని మాత్రం చెబుతారు.

అసలు లెక్క చూడాల్సింది సీటీ దగ్గర. పెట్‌తోపాటు అదే బల్ల మీద సీటీ కూడా తీస్తారు. 10 మిల్లీక్యూరీల ఎఫ్‌డీజీతో శరీరానికి అందేది సుమారు 7 మిల్లీసీవర్టులు. సీటీని పూర్తి మోతాదులో తీస్తే మొత్తం 25 దాకా చేరవచ్చు. ప్రకృతి నుంచి మనిషికి ఏడాదికి అందే సగటు 2.4. అల్ట్రాసౌండ్‌లో, ఎమ్మారైలో ఈ రేడియేషన్ ఊసే లేదు.

ఇంతకీ ముప్పెంత? ప్రధానంగా హిరోషిమా, నాగసాకి బాంబుల నుంచి బతికి బయటపడ్డవారి ఆరోగ్య వివరాల ఆధారంగా అమెరికా నిపుణుల సంఘం 2006లో ఒక అంచనా ఇచ్చింది. 100 మిల్లీసీవర్టులు సోకిన వందమందిలో ఒకరికి దానివల్ల ఎప్పుడో ఒకప్పుడు క్యాన్సర్ రావచ్చు. ఇతర కారణాలతో వచ్చేది 42 మందికి. అంతకన్నా చిన్న మోతాదుల ముప్పు చాలావరకు ఆ లెక్కను కిందికి పొడిగించి వేసిందే. పిల్లల సంగతి వేరు, వాళ్ల కణాలు మరింత సున్నితం. బ్రిటన్‌లో సీటీ తీయించుకున్న పిల్లల మీద జరిగిన అధ్యయనం 2012లో వెలువడింది. పదేళ్లలోపు వయసులో తల సీటీ తీస్తే, తర్వాతి దశాబ్దంలో ప్రతి 10,000 మందికీ అదనంగా ఒక లుకేమియా, ఒక మెదడు కణితి ఉండొచ్చని అది లెక్కగట్టింది.

హాడ్జ్‌కిన్ లింఫోమా ఎంతవరకు పాకిందో, కీమోథెరపీ ఎన్ని విడతలు కావాలో తేల్చే స్కాన్‌ను ఈ అంకెలు చూసి మానుకోవడం తెలివితక్కువ పని. ఏ లక్షణమూ లేని పాతికేళ్ల మనిషి హెల్త్ చెకప్ పేరుతో అదే స్కాన్ తీయించుకోవడమూ అంతే. ఆసుపత్రి మారగానే పాత సీడీ దొరక్క మళ్లీ తీసే సీటీకైతే సమర్థనే లేదు. సీడీతోపాటు డోస్ రిపోర్టూ అడిగి తీసుకోవచ్చు. ప్రతి స్కాన్‌కూ ఎంత రేడియేషన్ వాడిందో ఇప్పటి సీటీ యంత్రాలు వాటంతటవే నమోదు చేస్తాయి.