పెరట్లో చెట్టుకీ చెట్టుకీ ఎంత ఎడం?

సూర్యాపేటలోనో, కోదాడలోనో, మిర్యాలగూడలోనో రెండు వందల గజాల జాగాలో ఇల్లు కట్టుకుంటే వెనకాల మిగిలేది మహా అయితే పన్నెండు అడుగుల వెడల్పు. పాత లెక్క ప్రకారం మామిడి మొక్కల మధ్య పది మీటర్ల ఎడం ఉండాలి. అంటే ఒక్క చెట్టుకే దాదాపు 120 గజాలు. ఇక ఇల్లు చెట్టు కిందే కట్టుకోవాలి.

తోటల్లో మాత్రం ఈ లెక్క ఎప్పుడో మారింది. లక్నోలోని కేంద్ర ఉపోష్ణమండల ఉద్యాన సంస్థ జామను రెండు మీటర్ల సాళ్లలో మీటరుకొకటి చొప్పున, హెక్టారుకు 5,000 మొక్కలు నాటే పద్ధతిని రూపొందించింది. చిత్తూరు వైపు మామిడిని మూడు మీటర్లకు రెండు మీటర్ల ఎడంతో, ఎకరాకు 674 మొక్కల దాకా వేసిన తోటలున్నాయి. ఈ లెక్కన మామిడికి ఏడు గజాలు చాలు. కాకపోతే కత్తెర పట్టనివాళ్లకు ఈ దూరాలు పనికిరావు.

దగ్గరగా నాటి వదిలేసిన చెట్లు పోటీ పడి పైకి సాగుతాయి. ఆకులు ఎర్రని కాంతిని పీల్చుకుని, మన కంటికి దాదాపు ఆనని ముదురు ఎరుపు కాంతిని వెనక్కి పంపుతాయి. పక్క చెట్టులోని ఫైటోక్రోమ్ అనే వర్ణకం ఆ తేడాను పసిగడుతుంది. మీద నీడ పడకముందే చెట్టు పొడుగు సాగడం మొదలుపెడుతుంది. కింది కొమ్మలు బోసిపోతాయి, కాయలు మేడ మీదికి వెళ్లిపోతాయి.

అందుకే మొక్క అడుగున్నర ఎత్తుండగానే తల తుంచాలి. కొనమొగ్గ పోగానే దాని నుంచి కిందికి దిగే ఆక్సిన్ ఆగిపోయి, పక్క మొగ్గలు మేల్కొంటాయి. ఆ తర్వాత ఏ చెట్టును ఎప్పుడు కోయాలన్నది అది పూసే చోటును బట్టి ఉంటుంది. జామ కొత్త రెమ్మల మీదే పూస్తుంది కాబట్టి ఎంత కత్తిరిస్తే అంత చిగురు, అంత పూత. సీతాఫలం కూడా కోతను బాగానే తట్టుకుంటుంది. మామిడి అలా కాదు. ముదిరిన రెమ్మ కొనన పూస్తుంది. కాయ దిగిన వెంటనే, జూన్‌లో కోస్తే చలికాలానికి రెమ్మలు ముదురుతాయి. నవంబరులో కోసినవాళ్లు ఆ ఏటికి పూత మీద ఆశ వదులుకోవాల్సిందే. కొబ్బరి జోలికి అసలు పోవద్దు. దానికి ఉన్నది ఒకే మొవ్వు, అది తెగితే చెట్టే చస్తుంది.

నాలుగు చెట్లకు బోరు నీళ్లు చాలతాయా అని చాలామంది జంకుతారు. నీటి ఖర్చు ప్రధానంగా చెట్ల సంఖ్యను బట్టి కాదు, మొత్తం ఆకుల విస్తీర్ణాన్ని బట్టి ఉంటుంది. ఆరేడడుగులకే ఆపిన నాలుగు పొట్టి చెట్లు ఒక పెద్ద మామిడి కన్నా ఎక్కువేం తాగవు. పైగా మే నెల ఎండల్లో వాటి నీడ వాటి మొదళ్లనే కాపాడుతుంది. నాగార్జున సాగర్ ఎడమ కాలువ కింది నల్లరేగడిలో అయితే కరువు కన్నా నిలవ నీటితోనే బాధ ఎక్కువ. అందుకే బొప్పాయిని ఎత్తైన గట్టు మీదే పెట్టాలి.

వాస్తు కోసం దిక్కులు చూసే మనం చెట్ల కోసమూ ఒకసారి చూడాలి. ఈ మూడు ఊళ్లూ 17 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి అటూ ఇటూ ఉన్నాయి. డిసెంబరు చివర మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణం వైపు, యాభై డిగ్రీల ఎత్తు లోపలే ఉంటాడు. ఇరవై అడుగుల ఇంటి నీడ ఉత్తరానికి పదిహేడు అడుగులు పడుతుంది. దక్షిణ ముఖం ఇల్లయితే, మామిడి పూతకు సిద్ధమయ్యే కాలంలోనే వెనక పెరడంతా నీడలో ఉంటుంది. అక్కడ అరటి పెట్టుకోవడం మేలు, అది సగం నీడను ఓర్చుకుంటుంది.