వార్ధక్యమున ఇంటి నడక

చెన్నైనుండి కోల్‌కతాకు పోవు జాతీయ రహదారి నరసన్నపేటను ఒరసికొని సాగుచుండుటచేత, ఇంటి పెద్దలు వీథిలోనికి కాలు పెట్టినప్పుడెల్ల "బళ్ళు సూసుకొని ఎల్లు తాతా" అని మనుమలు హెచ్చరించుట ఆ యూర నిత్యము వినబడు మాట. ఆ హెచ్చరిక తగినదే. కాని వార్ధక్యమున మనుష్యుని మంచము పట్టించు ప్రమాదము రహదారికంటె మిక్కిలి చేరువలో, పడకగదికిని పెరటి మరుగుదొడ్డికిని నడుమనున్న నాలుగు బారల చోటులో పొంచియుండునని మనలో ఎందరు తలంతురు? పడిపోవుటవలన ప్రపంచమున ఏటేట దాదాపు 6,84,000 మంది మరణించుచున్నారనియు, ఉద్దేశపూర్వకము కాని గాయములవలని మరణములలో రోడ్డు ప్రమాదముల తరువాతి స్థానము దీనిదేననియు ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క తేల్చినది. ఆ మృతులలో అరువదియేండ్లు దాటినవారే అధికులు. ప్రాణము దక్కినవారిలోను, తుంటియెముక విరిగినవారు అనేకులు మునుపటి నడకను మరల పొందజాలరు.

శ్రీకాకుళము సీమ వలసలకు చిరకాలముగా అలవాటుపడినది. విశాఖపట్టణమునకు, హైదరాబాదునకు, చెన్నైకి కూలికో కొలువునకో పోయినవారును, సముద్రతీర గ్రామములనుండి గుజరాతు రేవులకు చేపలవేటకై పోవువారును అనేకులు కలరు. అందుచేత నరసన్నపేటలోను చుట్టుపట్ల పల్లెలలోను ముసలి దంపతులు మాత్రమే, లేక ఒంటరిగా ఒక మామ్మ మాత్రమే, పొయ్యి వెలిగించుకొని కాలము గడపు ఇండ్లు అరుదు కావు. సంక్రాంతికి పిల్లలు వత్తురు. తల్లి చీపురు పట్టినచో లాగికొందురు, నీళ్ళబిందె నెత్తబోయినచో అడ్డుపడుదురు, "నీకెందుకే అమ్మా, ఊరకే కూకో" అందురు. తిరిగిపోవునప్పుడు పనిమనిషిని కుదిర్చి, ఒక ప్లాస్టిక్కు కుర్చీని, ఒక టీవీని అమర్చి, తమ ఋణము కొంత తీరినదని తలంతురు. ఆ ప్రేమను శంకింప నెవరికిని హక్కు లేదు. కాని శరీరశాస్త్రము ఆ పద్ధతిని సమర్థింపదు. పెద్దలను పనికి దూరము చేసినకొలది వారు పడు అవకాశము హెచ్చును. మార్పవలసినది ఇంటి నేల, దీపము, మంచము, మరుగుదొడ్డి. వారి చేతిలోని పని మాత్రము వారికే విడువవలెను.

కండరము వాడుకవలన నిలుచు ధాతువు. నడివయస్సునుండియే మానవదేహమున కండ మెల్లమెల్లగా తరుగనారంభించి, అరువది దాటిన పిమ్మట ఆ తరుగుదల వేగము పుంజుకొనును. దీనిని వైద్యులు సార్కోపీనియా అని వ్యవహరింతురు. అందును ముందుగా క్షీణించునవి తటాలున బిగిసి శరీరమును నిలువరించు శీఘ్రతంతువులు. కాలు జారిన క్షణమున రెండవ కాలిని చప్పున ముందునకు వేసి నిలద్రొక్కుకొను శక్తి ముఖ్యముగా వానివలననే కలుగుటచేత, నెమ్మదిగా రెండు మైళ్ళు నడువగల తాతయు ఒక్క జారిన యడుగును సరిదిద్దుకొనలేక కూలిపోవుట సంభవించును. ఈ క్షీణతకు వయస్సు కొంత కారణము, అతివిశ్రాంతి మరికొంత. ఆరోగ్యవంతులైన వృద్ధులను పది దినములు మంచముననే యుంచి పరీక్షించిన అమెరికా శాస్త్రజ్ఞులు, ఆ స్వల్పకాలములోనే వారి కాళ్ళనుండి సుమారు ఒక కిలో కండ తరిగిపోయినదని 2007లో ప్రకటించిరి. జ్వరము తగ్గిన పిమ్మట గూడ "ఇంకా రెండు వారాలు లేవకు" అని మనము చెప్పు మాట ఎంత ఖరీదైనదో దీనివలన తెలియగలదు.

పోయిన బలము తిరిగి రాదా? వచ్చును. బోస్టను నగరమున మరియా ఫియాటరోన్ అను వైద్యురాలు, వృద్ధాశ్రమమున నివసించుచున్న, సగటున 90 ఏండ్ల వయస్సుగల పదిమందిని చేర్చుకొని, ఎనిమిది వారములపాటు వారి కాళ్ళచేత బరువులెత్తించి, తొడకండరముల బలము సగటున 174 శాతము పెరిగినదని 1990లో లోకమునకు తెలిపినది; వారిలో ఇద్దరు చేతికర్ర విడిచి నడువగలిగిరి. తొంబదవ యేటను దేహము నేర్చుకొనుటకు సిద్ధముగానే యున్నదనుటకు ఇంతకుమించిన సాక్ష్యము నాకు తెలియదు. 2000వ సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో మొత్తము 240 కిలోల బరువెత్తి కాంస్యపతకము గెలిచిన కరణం మల్లీశ్వరి ఆమదాలవలస దాపుననున్న ఊసవానిపేట ఆడపడుచు. ఆమె పేరు చెప్పుకొని గర్వించు ఈ ప్రాంతమువారు, బరువెత్తుట పడుచువారి సొత్తను భావమును ఇకనైన విడువవలెను.

బలముతో పాటు తూకము వలయును. మనము నిటారుగా నిలుచుట మూడు జ్ఞానముల సమ్మేళనముచేత సిద్ధించుచున్నది: కంటిచూపు, చెవిలోపలి సమతాయంత్రము, అరికాళ్ళనుండియు కీళ్ళనుండియు మెదడునకు చేరు స్పర్శవార్త. మధుమేహము ముదిరినవారికి అరికాలి స్పర్శ మొద్దుబారును. కంటిపాప వయస్సుతో చిన్నదగుటచేతను, కటకము పసుపువారుటచేతను, అరువదియేండ్లవారి నేత్రపటలమునకు చేరు వెలుతురు, ఇరువదియేండ్లవారికి చేరుదానిలో ఇంచుమించు మూడవవంతు మాత్రమే. కొడుకునకు చాలునని తోచిన సున్నా బల్బు తల్లికి చీకటితో సమానమనుట ఈ కారణముననే. ఇంద్రియములు మందగించినకొలది మెదడు నడకపై ఎక్కువ శ్రద్ధ నిలుపవలసివచ్చును. స్వీడను దేశపు పరిశోధకులు 1997లో ప్రకటించిన యొక సులభ పరీక్ష ఈ విషయమును స్పష్టపరచును: వృద్ధాశ్రమవాసులతో కలిసి నడచుచు మాట కలిపినప్పుడు, 58 మందిలో 12 మంది మాటాడుటకై నడక నిలిపివేసిరి, తరువాతి ఆరు నెలలలో ఆ 12 మందిలో 10 మంది పడిపోయిరి. శ్రీముఖలింగమునకో అరసవిల్లికో మీ పెద్దలతో కలసి నడచునప్పుడు ఈ లక్షణమును మీరును గమనింపవచ్చును. ప్రశ్న వినగానే అడుగు ఆగినచో, వారి నడకకు తోడు కావలసిన కాలము వచ్చినదని గ్రహించి, వైద్యునకు చూపింపుడు.

రాత్రివేళ సంగతి వేరు. పండుకొనియున్న మనుష్యుడు లేచి నిలుచున్నంతనే అర లీటరునకు పైబడిన రక్తము కాళ్ళలోనికిని కడుపులోనికిని దిగిపోవును. మెడలోని ధమనులయందున్న నాడీకేంద్రములు తత్క్షణము గుండెను హెచ్చరించి రక్తనాళములను బిగింపజేయును. వృద్ధులలో ఈ హెచ్చరిక ఆలస్యమగును; రక్తపోటు మాత్రలు, నిద్రమాత్రలు, ప్రోస్టేటు మందులు దానిని మరింత మందగింపజేయును. నిలిచిన మూడు నిమిషములలోపల పై రక్తపోటు 20 గాని, క్రిందిది 10 గాని తగ్గినచో దానిని వ్యాధిలక్షణముగా వైద్యులు పరిగణింతురు. కావున మూత్రవిసర్జనకై లేచువారు మంచము అంచున కూర్చుండి, మడమలను పదిమార్లు కదిపి, తల తిరుగుట లేదని నిశ్చయించుకొనిన పిమ్మటనే నిలువవలెను. తల తిరుగుట తరచైనచో మందుల చీటినంతటిని వైద్యుని ముందు పెట్టి తిరిగి చూపించుకొనవలెను.

ఇక ఇంటి మాట. పూర్వపు పెంకుటిండ్లలో పేడతో అలికిన మట్టినేల అరికాలికి పట్టునిచ్చెడిది; వలసధనముతో లేచిన నేటి డాబాలలో అద్దమువలె మెరయు టైల్సుపై కొంచెము నీరొలికినను పట్టు తప్పును. స్నానపు గదికి గరుకు టైల్సు వేయించుట, లేదా వెనుకవైపు రబ్బరుగల చాప పరచుట ఖర్చుతో కూడిన పని కాదు. వీథిగడపకు పసుపు రాసి, ముగ్గు పెట్టి, బొట్టు దిద్దు మన స్త్రీలు తమకు తెలియకయే మందదృష్టిగలవారికి మహోపకారము చేయుచున్నారు: ఆ పసుపు తెలుపుల తేడావలన గడప యెత్తు దూరమునుండియే కంటికి తెలియును. అదే యింటిలో వంటగది మెట్టునకును, మరుగుదొడ్డి గట్టునకును అట్టి గుర్తు లేదు. నేల యే రంగో గట్టును ఆ రంగే. అంచు పొడవునను రెండంగుళముల పసుపు పెయింటు పట్టీ వేసినచో చాలును.

మరుగుదొడ్డి ప్రక్క తువాలు వేసికొనుటకు బిగించిన సన్నని రాడ్డును పట్టుకొని లేచుట పెద్దల కలవాటు. రెండు చిన్న స్క్రూలపై వ్రేలాడు ఆ రాడ్డు ఒకనాడు గోడనుండి ఊడి, మనిషితో సహా క్రిందికి వచ్చును. మనిషి బరువు మోయగల లావుపాటి స్టీలు కమ్మీని, గోడలో లోతుగా దించిన బోల్టులతో, కూర్చున్నప్పుడు చేయి సహజముగా పోవు చోట బిగింపవలెను. తాపీమేస్త్రికి ఒక పూట పని. ప్లాస్టిక్కు కుర్చీ తేలికది. ఒకవైపు చేతిపై బరువుంచి లేవబోయినచో నున్నని నేలపై జారును. పెద్దలకు బరువైన కర్రకుర్చీయే తగినది. కుంగిన నులకమంచము మోకాళ్ళకంటె తుంటిని దిగువకు దింపుటచేత లేచుట కష్టమగును. కూర్చున్నప్పుడు పాదములు నేలకు ఆని, తొడలు సమముగా నిలుచు ఎత్తుగల మంచము కావలెను. నేలను తగులు చీర అంచు, అరిగిన హవాయి చెప్పులు, గదికి అడ్డముగా ప్రాకిన ఫ్యాను వైరు, ఇవి చెప్పక్కరలేకయే తెలియునవి.

ఇల్లు చక్కబడిన తరువాత దేహాభ్యాసము. లోకమున జరిగిన శతాధిక పరీక్షలను సమీకరించి 2019లో వెలువడిన కోక్రేన్ సమీక్ష, వ్యాయామము చేయు వృద్ధులలో పడిపోవుటలు సుమారు 23 శాతము తగ్గుచున్నవని నిర్ధారించినది. అందును తూకమును అభ్యసించు కదలికలు గుణకారులని తేలినది. దీనికి జిమ్ము వలదు. కిటికీ ఊచలు పట్టుకొని మునివ్రేళ్ళపై లేచి దిగుట. ఒక పాదము ముందు రెండవ పాదమును ఆనించి నిలుచుట. గోడకు చేరవేసిన కుర్చీనుండి చేతుల సాయము లేక పదిమార్లు లేచి కూర్చుండుట. ఇవి నాలుగు నెలలు నిత్యము చేసినవారి నడకలో తేడా ఇంటివారికే కనబడును. పీటపై కూర్చుండి భుజించుటను, నేలపై కూర్చుండి బియ్యము చెరుగుటను, కూర తరుగుటను మోకాళ్ళు సహించినంతకాలము మాన్పింపకుడు. నేలనుండి లేచు ప్రతిసారియు తొడలకు ఒక బరువెత్తుటయే. పొందూరులో వాలుగచేప దవడయెముకతో పత్తి నేకి, రాట్నముపై సన్ననూలు వడకు స్త్రీలలో వృద్ధురాండ్రు అనేకులు కలరు. ఆ పనివలన ఆయుస్సు పెరుగునని నేను చెప్పను; కాని చేతికి పని, ఆ పనికి విలువ, తోటివారి సాంగత్యము ఒక్కచోట దొరకు ఏర్పాటును ఏ వైద్యుడును వ్రాసి యీయలేడు.

పడిన తరువాత లేచుటయు అభ్యసింపదగినదే. ఒక ప్రక్కకు ఒత్తిగిలి, మోచేతిపై లేచి, నాలుగుకాళ్ళపై మంచము దాకా ప్రాకి, మంచము పట్టెను పట్టుకొని ఒక పాదమును నేల కానించి, అప్పుడు లేవవలెను. తుంటిలో తీవ్రమైన నొప్పి యున్నను, కాలు వంకరగా తిరిగినను లేపబోక, 108కి ఫోను చేయవలెను. ఒంటరివారు సెల్‌ఫోనును అలమరలో గాక, నేలపైనుండి అందుకొనదగిన చోటనో, మెడలోని సంచిలోనో ఉంచుకొనుట మేలు.

ఆహారమున పెద్దలకు మాంసకృత్తులు పడుచువారికంటె తక్కువ కాదు, కొంత ఎక్కువయే కావలెను. చోడి అంబలితో పాటు పప్పు, ఉలవలు, గుడ్డు, చేప ప్రతిదినము ఏదో యొకటి పళ్ళెమున నుండవలెను. ఇచట ఒక హెచ్చరిక ఈ జిల్లాకు ప్రత్యేకముగా అవసరము. కవిటి, సోంపేట, మందస మొదలగు ఉద్దానపు మండలములను దీర్ఘకాలముగా పీడించుచున్న మూత్రపిండవ్యాధి గలవారు మాంసకృత్తుల మోతాదును వైద్యుని అడిగియే నిర్ణయించుకొనవలెను. మోకాలి నొప్పికని మందులషాపులో అడిగి కొని మ్రింగు నొప్పిమాత్రలు మూత్రపిండములకు శత్రువులని ప్రతి యింటను తెలియవలెను.

చివరగా, నిర్ణయాధికారము. కనెక్టికట్ రాష్ట్రపు వృద్ధాశ్రమమొకదానిలో ఎలెన్ లాంగర్, జూడిత్ రోడిన్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞులు, ఒక అంతస్తువారికి తమ గది అమరికను తామే నిర్ణయించుకొను స్వేచ్ఛను, తామే నీరు పోయుటకు ఒక మొక్కను ఇచ్చిరి; వేరొక అంతస్తువారికి అన్నియు సిబ్బందియే చూతురనిరి. మొదటివారు మూడు వారములలోనే అధికోత్సాహముతో చురుకుగా మెలగిరని 1976లో ప్రకటించిరి. పరీక్ష చిన్నదే; అయినను మన యిండ్లలో దానికి దృష్టాంతములు వెదకనక్కరలేదు. 2024 జూలైనుండి నెలకు 4,000 రూపాయలైన వృద్ధాప్య పింఛను ఇంటికే వచ్చి ముసలివారి చేతిలో పడుచున్నది. ఆ సొమ్ము వారి చేతిలోనే యుండనిండు, దానితో ఏమి కొనవలెనో వారినే తలంపనిండు. ఇంటిలోనే నిరాదరణకు గురియైనవారు 14567కు ఫోను చేసి సహాయము పొందవచ్చును.

ఈమారు ఊరికి పోవునప్పుడు చీరతో పాటు రెండు స్టీలు కమ్మీలను, ఒక మంచి బల్బును కొనిపొండు. మేస్త్రిని పిలిచి, కమ్మీ ఎక్కడ కావలెనో అమ్మను అడిగి, ఆమె చూపిన చోటనే బిగింపింపుడు. ఆమె చేతిలోని చేటను మాత్రము తీసికొనకుడు.