సున్నాలు వేసిన రోజు

ఏరు అనే మాట మీద వేలు పెట్టి మూడో తరగతి పాప గడగడా చదివేసింది. నా స్టాప్‌వాచ్‌లో నిమిషం కాకముందే పాఠం అయిపోయింది. “ఏరంటే ఏంటమ్మా?” అన్నాను. తల దించుకుంది. ‘అర్థం’ అన్న గడిలో సున్నా వేశాను. ఆ ఒక్కరోజే పదకొండు సున్నాలు పడ్డాయి.

సీతంపేట కొండల్లోని సవర గూడల బడులకు నేను పీహెచ్‌డీ పని మీద వెళ్తున్నాను. ఇంట్లో సవర మాట్లాడే పిల్లలు బడిలో తెలుగు చదవడం ఎలా నేర్చుకుంటారన్నది నా అంశం. సవర ముండా కుటుంబపు భాష, తెలుగుకు చుట్టం కాదు. నీటిని వాళ్లు ‘డా’ అంటారు.

మర్నాడు ఆ బడిలో పనిచేసే సవర వలంటీరు అదే పాపను అదే ప్రశ్న వాళ్ల భాషలో అడిగింది. పాప లేచి, చేతిని వంకర్లు తిప్పుతూ గూడ కింద పారే నీటిని చూపించింది, కథంతా చెప్పింది. చివర్లో నా వైపు తిరిగి తెలుగులో “గెడ్డ” అంది. నాకు నోట మాట రాలేదు. మా ఉత్తరాంధ్రలో కొండవాగును గెడ్డే అంటాం. నేనూ ఆ మాటతోనే పెరిగాను. అయినా నా ప్రశ్నపత్రంలో ఏరు అనే రాశాను.

పొరపాటు ముందే జరిగింది. అసలు పనికి ముందు టూల్‌ను, అంటే ప్రశ్నపత్రాన్ని, కొద్దిమంది పిల్లల మీద పరీక్షించి చూడాలి. దాన్నే పైలట్ స్టడీ అంటారు. నేను దాన్ని మైదాన ప్రాంతంలో, తెలుగు పిల్లల బడిలో చేశాను. అక్కడ అన్నీ సవ్యంగా నడిచాయి. నిమిషానికి ఎన్ని మాటలు తప్పులేకుండా చదివారన్న లెక్క పనికొచ్చేదే, కానీ పిల్లకు ఏం అర్థమైందో అది చెప్పదు.

రెండు నెలల డేటా పట్టుకుని గైడు మేడం దగ్గరికి వెళ్లాను. “పారేయకమ్మా, పక్కన పెట్టు. తెలుగులో అడగడం, సవరలో అడగడం, రెండు పద్ధతుల్నీ పోల్చు” అన్నారు. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ప్రతి సెమిస్టరూ సలహా కమిటీ ముందు ప్రగతి చూపించాలి. ఆసారి నా ప్రగతి అంటే, మార్చిన టూలే. పిల్లలు చదివింది ఇప్పుడు సవరలో తిరిగి చెప్తారు. ఆ రికార్డింగును నేనూ వలంటీరూ విడివిడిగా విని మార్కులు వేస్తాం. తేడా వస్తే కలిసి కూర్చుని మళ్లీ వింటాం. సవర నాకింకా పూర్తిగా రాదు కాబట్టి ఒక్కో రికార్డింగుకు పూటంతా పడుతుంది.

గిడుగు రామమూర్తి పంతులు గారు ఇదే సవర కోసం కొండలెక్కారు. జ్వరానికి వాడిన క్వినైన్‌తో ఆయనకు చెవుడు వచ్చింది. అయినా 1931లో సవర భాష మాన్యువల్, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు తెచ్చారు. రికార్డింగు మూడోసారి వింటున్నప్పుడల్లా ఆయనే గుర్తొస్తారు.

పిల్లల మాటలు రికార్డు చేయాలంటే అనుమతి పత్రాలపై హెడ్‌మాస్టారి సంతకం ఒక్కటే సరిపోదు. తల్లిదండ్రులకు సవరలో చదివి వినిపించాలి. పిల్లకు ఇష్టం లేకపోతే ఆపేయాలి. జీడిపిక్కలు ఏరే రోజుల్లో బడి సగం ఖాళీ, అప్పుడు డేటా అడగడం నాకు న్యాయంగా అనిపించదు.

ఆ పాప షీటులో పాత సున్నా అలాగే ఉంది. దాని పక్కన ఆమె చెప్పిన సవర మాటలు తెలుగు లిపిలో రాసుకున్నాను. ఇంకా పంతొమ్మిది మందిని వినాలి. సోమవారం వలంటీరు వస్తానంది, గెడ్డ పొంగకపోతే.