పల్లెలో ఒక రాత్రి: రిజాల్ అల్మా నేర్పే ఆర్థిక పాఠం

2021 డిసెంబరులో ఐక్యరాజ్య సమితి ప్రపంచ పర్యాటక సంస్థ తొలిసారిగా ఉత్తమ పర్యాటక గ్రామాల జాబితాను ప్రకటించింది. 32 దేశాలకు చెందిన 44 గ్రామాలు అందులో ఉన్నాయి. తెలంగాణలోని భూదాన్ పోచంపల్లికి చోటు దక్కిందని మనం సంతోషించాం. సౌదీ అరేబియానుండి రిజాల్ అల్మా అనే కొండపల్లె కూడా అదే జాబితాలో ఉంది. గుర్తింపు వచ్చాక పల్లెకు మిగిలేదేమిటన్న ప్రశ్న ఈ రెండింటికీ ఉమ్మడిదే. దానికి సమాధానం చాలావరకు మరో చిన్న ప్రశ్నలో ఉంది: వచ్చిన మనిషి రాత్రి ఎక్కడ పడుకుంటాడు, ఆ గది ఎవరిది?

సౌదీ అనగానే మనకు ఇసుక ఎడారి, చమురు బావులు గుర్తొస్తాయి. నైరుతి మూలనున్న అసీర్ ప్రాంతం అందుకు పూర్తిగా భిన్నం. రియాద్, జిద్దా నగరాలు వేసవిలో ఉడికిపోతుంటే అసీర్ రాజధాని అబ్హాను పొగమంచు కమ్ముతుంది. అందుకే దేశంలోని కుటుంబాలు చాలాకాలంగా అక్కడికి విడిదికి వెళుతున్నాయి. విదేశీయులకు మాత్రం పర్యాటక వీసాలు 2019 సెప్టెంబరులోనే మొదలయ్యాయి.

అబ్హాకు పశ్చిమాన, కొండవాలు దిగిన తర్వాత ఒక లోయలో రిజాల్ అల్మా ఉంది. ఒకప్పుడు యెమెన్‌నుండి మక్కాకు, ఎర్రసముద్ర తీరానికి సాగే వర్తకుల దారిలో ఇది మజిలీ. ఆ వ్యాపారం తెచ్చిన సంపదతోనే అక్కడి అంతస్తుల రాతి మేడలు లేచాయి. కిటికీల చుట్టూ తెల్లని స్ఫటికశిలలు పొదగడం వాటి ప్రత్యేకత. దారులు మారి మేడలు ఖాళీ అవుతున్న కాలంలో, 1980లలో, గ్రామస్థులే పూనుకొని ఒక పాత కోటను ప్రదర్శనశాలగా మార్చారు. పురుషులు శ్రమను, ధనాన్ని ఇస్తే, స్త్రీలు తమ నగలను ప్రదర్శనకు ఇచ్చారు. అసీర్ స్త్రీలు ఇంటి గోడలపై రంగులతో వేసే 'అల్ ఖత్' చిత్రకళను యునెస్కో 2017లో మానవాళి వారసత్వంగా గుర్తించింది. ఆ చిత్రాలు ప్రధానంగా అలంకరించేది అతిథుల గదినే. బస ఇవ్వడం ఆ సమాజానికి కొత్తగా నేర్పవలసిన విద్య కాదు.

మర్యాద వేరు, ఆదాయం వేరు. పగటిపూట వచ్చి ఫోటోలు తీసుకొని వెళ్ళిపోయే యాత్రికుడు ప్రవేశ రుసుము, ఒక టీ ఖరీదు ఇచ్చిపోతాడు. రాత్రి ఆగినవాడికి భోజనం కావాలి, ఉదయం రొట్టె, తేనె కావాలి, దుప్పట్లు ఉతకాలి, కొండదారి చూపే మనిషి ఉండాలి. ఒక్క మంచం చుట్టూ తేనెటీగలు పెంచే రైతునుండి వడ్రంగి వరకు ఎందరికో పని పుడుతుంది. అయితే ఆ గది యజమాని దూరనగరంలోని సంస్థ అయి, కూరగాయలు, సిబ్బంది, దుప్పట్లు అన్నీ బయటినుండే వస్తే, డబ్బు ఊరి గుండా ప్రవహించి వచ్చిన దారినే పోతుంది. వైద్యులు తరచు చూసే విషయమే ఇది: తిన్నదంతా ఒంటికి పట్టదు. ఊరికి ఎంత పట్టిందన్నదే అసలు లెక్క.

అసీర్‌లోనే హబలా అనే మరో పల్లె ఉంది. కొండచరియ అంచున వేలాడుతున్నట్టుండే ఆ ఊరివారు ఒకప్పుడు తాళ్ళ నిచ్చెనలతో రాకపోకలు సాగించేవారు. అరబ్బీలో 'హబల్' అంటే తాడు. ఊరి పేరు దానినుండే వచ్చిందంటారు. 1980 ప్రాంతంలో ప్రభుత్వం వారిని కొత్త ఊరికి తరలించింది. తర్వాత కేబుల్ కారు వచ్చింది, సందర్శకులు వచ్చారు. ఇళ్ళున్నాయి, చూసేవారున్నారు, కాపురముండే మనిషే లేడు. పర్యాటకం పెరిగినంత మాత్రాన పల్లె బతికినట్టు కాదనడానికి ఇంతకు మించిన సాక్ష్యం అక్కరలేదు.

ఈ తేడా ఇప్పుడు మరింత ముఖ్యం. 2023లో ప్రకటించిన 'సౌదా శిఖరాలు' ప్రణాళిక రిజాల్ అల్మాలోని కొంత భాగాన్ని కూడా కలుపుకొని, 2033 నాటికి సుమారు 2,700 విడిది గదులు నిర్మించాలని, ఏటా 20 లక్షలమందికి పైగా యాత్రికులను రప్పించాలని సంకల్పించింది. పెట్టుబడి ప్రభుత్వ నిధిది. రోడ్లు, నీరు, ఉద్యోగాలు దానివెంట రావచ్చు. కానీ ఆ విలాసవంతమైన గదుల పక్కన పాత మేడ వారసుడు తన నాలుగు గదులను అతిథులకు ఇవ్వగలడా? అతను మేడను అమ్ముకోకుండా దీర్ఘకాలిక కౌలుకు ఇచ్చే వీలు, మరమ్మతుకు చిన్న రుణం, అనుమతి పత్రాలు పొందడానికి చేయూత, పెద్ద విడుదులు ఊరి తేనెను, ధాన్యాన్ని కొనే ఒప్పందం ఉంటే సాధ్యమే. యాత్రికుల రాక ఋతువును బట్టి మారుతుంది కనుక పొలాన్ని, తేనెపట్టును వదలకూడదు కూడా. బస ఆదాయం సేద్యానికి తోడు కావాలే తప్ప దాని స్థానాన్ని ఆక్రమించకూడదు.

ఇక పోచంపల్లి. హైదరాబాదుకు సుమారు 50 కిలోమీటర్ల దూరం. పొద్దున వచ్చినవారు మగ్గం చూసి, చీర కొని, చీకటిపడేలోగా ఇల్లు చేరవచ్చు. నూలుకు ముడులు వేసి రంగులద్దడం నుండి నేత దాకా సాగే ఆ పనిని ఒక పూటలో చూడలేము. నేతగాడి ఇంట్లో ఒక రాత్రి ఉండి, మర్నాడు అతని పక్కన కూర్చుంటేనే ఆ చీర ధర ఎందుకంతో అర్థమవుతుంది. ఆ ఒక్క గది ఆ నేతగాడిదే కావాలి. పాఠం రిజాల్ అల్మాది, అవసరం మనది.