నిర్బంధం ఎవరికి?



వేసవి సెలవులు అయిపోయినవి. జూన్ రెండో వారంలో బడి తెరిచారు. ట్రంకు పెట్టెలు మోసుకొని కొందరం జీపుల్లో, కొందరం కొండ దిగి నడిచి వచ్చేశాం. మొదటి రోజు రాత్రి హాజరు పిలుస్తుంటే మా 8వ తరగతిలో ఒక నంబరు దగ్గర ఎవ్వరూ పలకలేదు. మర్నాడూ పలకలేదు. ఇప్పటికి పదిహేను రోజులైంది. వాడు నా పక్కనే పడుకునేవాడు. పేరు రాస్తే సిగ్గుపడతాడు కాబట్టి రాయను. మీ అందరికీ తెలుసు.

పోయిన వారం మా నాన్న వచ్చినపుడు వార్డెన్ గారిని అడిగి సంతకు వెళ్లాను. అక్కడ వాడు కనిపించాడు. పనసకాయలు కావిడి వేసుకొచ్చాడు. "ఎందుకు రాలేదురా?" అంటే మూడు కారణాలు చెప్పాడు. "వానలు పడిపోయాయి, పోడులో సామలు జల్లాలి, నాన్న ఒక్కడే. నాకు పద్నాలుగేళ్లు నిండిపోయాయి, ఇంక గవర్నమెంటు ఉత్తినే చదివించదంట. ఇన్ని రోజులు రాలేదని పేరు కూడా కొట్టేసుంటారు." నాకు ఒక్కదానికీ జవాబు తెలియలేదు. తిరిగొచ్చి సోషల్ మాస్టారిని అడిగితే విద్యాహక్కు చట్టం పుస్తకం చేతికిచ్చి "నువ్వే చదువు" అన్నారు. అర్థమైనంత వరకు ఇక్కడ రాస్తున్నాను.

1950లో మన రాజ్యాంగం అమలులోకి వచ్చినపుడే, పదేళ్ల లోపల 14 ఏళ్ల వరకు పిల్లలందరికీ ఉచిత విద్య ఇవ్వడానికి ప్రభుత్వం ప్రయత్నించాలని 45వ అధికరణంలో రాశారు. అంటే 1960 నాటికి. అది జరగలేదు. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీం కోర్టు 14 ఏళ్ల వరకు చదువు ప్రాథమిక హక్కు అని చెప్పింది. ఆ కేసు మన ఆంధ్రప్రదేశ్ మీద వేసినదే. తరువాత 2002లో 86వ సవరణ చేసి 21-ఎ అధికరణం చేర్చారు. 2009లో చట్టం చేశారు. 2010 ఏప్రిల్ 1 నుండి అది అమలులో ఉన్నది.

ఆ చట్టం పేరులో "ఉచిత, నిర్బంధ విద్య" అని ఉంటుంది. నిర్బంధం అంటే మనల్ని కట్టేసి చదివించడం అని నేను అనుకునేవాణ్ణి. చాలామంది అలాగే అనుకుంటారు. కాని 8వ సెక్షనులో దాని అర్థం వేరుగా ఉంది. పిల్లవాణ్ణి బడిలో చేర్చడం, రోజూ వచ్చేలా చూడడం, 8వ తరగతి పూర్తి చేయించడం ప్రభుత్వం బాధ్యత. నిర్బంధం ప్రభుత్వానికి అన్నమాట! బడిలో చేర్చే బాధ్యత తల్లిదండ్రులకు కూడా ఉన్నది. కాని పిల్లవాడు రాకపోతే "వాడి ఖర్మ" అని వదిలేయడానికి ఎవరికీ లేదు.

ఇప్పుడు మా వాడి మాటలకు జవాబు.

వయసు సంగతి: వాడు తొమ్మిదేళ్లప్పుడు మొదటిసారి బడికి వచ్చాడు. వయసును బట్టి 3వ తరగతిలో కూర్చోబెట్టారు. 4వ సెక్షను అలాంటి పిల్లల కోసమే ఉంది. వెనకబడిన పాఠాలకు విడిగా శిక్షణ ఇవ్వాలి. 14 నిండినా సరే, 8వ తరగతి పూర్తయ్యే వరకు చదువు ఉచితమే.

పేరు సంగతి: 8వ తరగతి పూర్తయ్యేలోగా ఎవరినీ బడి నుండి తీసివేయకూడదని 16వ సెక్షను. 2019లో ఈ సెక్షను మార్చారు. 5, 8 తరగతుల్లో తప్పినవారిని అదే తరగతిలో ఉంచే వీలు రాష్ట్రాలకు ఇచ్చారు. కాని బడి నుండి తీసివేయకూడదన్న మాట అలాగే ఉంచారు.

కాగితాల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే చిన్న పిల్లల తల్లిదండ్రులు దీనికే భయపడి వెనక్కి వెళ్తుంటారు. పుట్టిన తేదీ కాగితం లేదని చేర్చుకోకుండా ఉండకూడదు. వేరే ప్రభుత్వ బడికి మారితే టి.సి. ఆలస్యమైందని ఆపకూడదు. ఆధార్ లేదని బడిలో సీటు కాదనకూడదని 2018 సెప్టెంబరు 26న సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది.

ఇక పోడు సంగతి. దీనికి చట్టంలో పూర్తి జవాబు దొరకలేదు. బడి తెరిచేది, తొలకరి పడేది ఒకే నెలలో. మన ఇళ్లలో చేతులు చాలవు. సొంత పనికి బడి అయ్యాక, సెలవుల్లో సాయపడితే తప్పులేదని 2016లో మార్చిన బాలకార్మిక చట్టం ఒప్పుకుంటుంది. కాని బడి మాని చేయమనలేదు. వాళ్ల నాన్న చెడ్డవాడు కాదు, ఒంటరివాడు. ఈ విషయం మా నాన్నకు చెప్పాను. మా ఊళ్లో ఒకరి పోడుకు నలుగురూ వెళ్లి సాయం పట్టడం ఉన్నదే కదా, రెండు రోజులు తాము వెళ్తామన్నాడు.

కాబట్టి వార్డెన్ గారికి, హెచ్.ఎం. గారికి నా మనవి. వచ్చే ఆదివారం మీలో ఒకరు మాతో వాళ్ల ఊరు రావాలి. మేము చెబితే పిల్లల మాట అంటారు, మీరు చెబితే వింటారు. వాళ్ల నాన్నకు తెలుగు అంతగా రాదు, మా భాషలోకి నేను చెబుతాను.

మిత్రులారా, మీ తరగతిలో కూడా పలకని నంబర్లు ఉంటే ఈ కాగితం కింద ఊరి పేరు రాయండి. మనిషి పేరు వద్దు. వాడు పడుకునే చోట నా పెట్టె పెట్టి ఉంచాను, వేరేవాళ్లు చాప వేయకుండా. వాడొస్తే తీసేస్తాను.

ఇట్లు,
8వ తరగతి విద్యార్థి